శనివారం క్లాసు, శనివారం రాత్రి డాన్సు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది పలాస దగ్గర పల్లెటూరు. తిత్లీ తుపానులో కొబ్బరి, జీడి తోట సగం పైగా పడిపోయింది. మిగిలిన భూమి హామీ పెట్టి బ్యాంకులో లోను తీసుకుని మావాణ్ణి ఎమ్మెస్‌కి జర్మనీ పంపాను. రెండో ఏడు నడుస్తోంది. మా అమ్మ పోయి రెండేళ్లయింది. మొన్న పెద్ద పండగ నాడు, గురువారం, ఆమెకి బట్టలు పెట్టేటప్పుడు పదకొండింటికి వీడియో కాల్ చేస్తే ఎత్తలేదు. తరువాత అడిగితే క్లాసన్నాడు. ఆ శనివారం కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసేనన్నాడు. ఫారిన్లో శని, ఆదివారాలు రెండూ సెలవే కదా! తీరా ఆదివారం పొద్దున్న లేచి చూస్తే వాట్సాప్ స్టేటస్‌లో పదకొండు ఫోటోలు, రెండు వీడియోలు. పంచె కట్టి, నల్ల కళ్లజోడు పెట్టి డాన్సు. పక్కన ఆడపిల్లలు. ఒక ఫోటోలో చేతిలో సీసా. ఆరింటికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మధ్యాహ్నం రెండింటికి చేసి 'పడుకున్నాను నాన్నా' అన్నాడు. మా వీధిలోవాళ్లు 'గుంటడు ఏటి సదువుతున్నాడు, డేన్సులేనా' అంటున్నారు. మా ఆవిడ ఏడుస్తోంది. వెనక్కి రప్పించి పెళ్లి చేసేయమని మా బావమరిది అంటున్నాడు. డబ్బు పంపడం ఆపేస్తే దారికొస్తాడని నా ఆలోచన. మీరేమంటారు?

— ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు:

అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పక్కన ఒక కాగితం పెట్టుకుని గంటలు వేసుకుంటూ చదివాను. నేను తెలుగు చెప్పినవాణ్ణి, లెక్కలు నా సబ్జెక్టు కాదు. కానీ మీ ఉత్తరంలో సగం తగువు మీవాడితో కాదు, గడియారంతో.

చలికాలంలో జర్మనీ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా ఆ తేడా మూడున్నరే. ఏడాదికి రెండుసార్లు దేశం మొత్తం గడియారాలు ముందుకొకసారి, వెనక్కొకసారి తిప్పుకుంటుంది. ఈ మాట మా గంటస్తంభం దగ్గర టీ కొట్లో చెబితే నన్ను చూసి నవ్వారు. సరే, సంక్రాంతి జనవరిలో కాబట్టి నాలుగున్నర పట్టుకుందాం. మీరు ఆదివారం పొద్దున్న ఆరింటికి వరసగా నాలుగుసార్లు ఫోన్ చేశారు. అప్పుడు అక్కడ రాత్రి ఒంటిగంటన్నర. మధ్యాహ్నం రెండింటికి వాడు తిరిగి చేశాడు. అప్పుడు అక్కడ పొద్దున్న తొమ్మిదిన్నర. ఆదివారం నాడు తొమ్మిదిన్నరకి లేచి, పళ్లు తోముకుని తండ్రికి ఫోన్ చేసినవాడి మీద కేసు పెట్టడానికి నాకు సెక్షన్ ఏదీ కనిపించడం లేదు.

ఇక శనివారం క్లాసు సంగతి. అక్కడ శని, ఆదివారాలు ఆఫీసులకి సెలవు, మామూలుగా కాలేజీలకీ సెలవే. కానీ జర్మనీ యూనివర్సిటీల్లో 'బ్లాక్ సెమినార్' అని ఒక పద్ధతి ఉంది. వారానికి ఒక గంటన్నర చొప్పున సెమిస్టరంతా చెప్పాల్సిన కోర్సుని రెండు మూడు వారాంతాల్లోకి కుదించి చెప్పేస్తారు. బయట కంపెనీలో పనిచేస్తూ పాఠం చెప్పడానికి వచ్చేవాళ్లకి వారం మధ్యలో తీరదు, అందుకని ఇలాంటివి ఎక్కువగా శుక్రవారం మధ్యాహ్నం మొదలై శనివారం సాయంత్రం దాకా నడుస్తాయి. చాలాచోట్ల హాజరు తప్పనిసరి. ఒక శనివారం ఎగ్గొడితే కోర్సులో మూడోవంతు పోయినట్టే, వచ్చే ఏడు మళ్లీ మొదట్నుంచి. అక్కడి పిల్లలు తలపట్టుకునే వాటిలో ఇదొకటి. కాబట్టి శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్లాసన్నది నూటికి తొంభై పాళ్లు నిజమై ఉంటుంది.

గురువారం మాట మాత్రం నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మీరు పదకొండింటికి కాల్ చేశారు. అక్కడ పొద్దున్న ఆరున్నర. జనవరిలో వాళ్లకి ఎనిమిది దాటితే గానీ తెల్లారదు. ఆరున్నరకి ఏ యూనివర్సిటీలోనూ క్లాసు ఉండదు. నా అనుమానం, మీవాడు నిద్రపోతున్నాడు. లేచి చూసుకునేసరికి మీ మిస్డ్ కాల్ ఉంది, అటు ఎనిమిదింటి క్లాసు తరుముకొస్తోంది. పరిగెత్తాడు. సాయంత్రం మీరు అడిగితే, నాయనమ్మకి బట్టలు పెడుతున్న వేళ నిద్రపోయానని చెప్పడానికి నోరు రాక క్లాసన్నాడు. మీరు అబద్ధమనుకున్న శనివారం నిజం, నిజమని సరిపెట్టుకున్న గురువారం అబద్ధం. ఆ అబద్ధం కూడా బరితెగింపుతో ఆడింది కాదు, సిగ్గుతో ఆడింది. అయినా అబద్ధమే. దాని సంగతి తరువాత చెబుతాను.

ముందు ఆ శనివారం రాత్రి. నేను అక్కడ లేను. మీవాడిది ఏ ఊరో కూడా మీరు రాయలేదు. కానీ మా మేనకోడలు అక్కడ మూడేళ్లు చదివి, ఇలాంటి సంక్రాంతులు రెండు చేసింది. పండగ వారం మధ్యలో వస్తే ఆరోజు ఎవరికీ సెలవుండదు, దాన్ని పట్టుకెళ్లి శనివారానికి కట్టేస్తారు. ఏ హాస్టలు కింది అంతస్తులోనో హాలు అద్దెకి తీసుకుంటారు, డిపాజిట్ కడతారు, ఎవరికి ఏ వంటకం అన్నది వాట్సాప్ గ్రూపులో పంచుకుంటారు. ఆ పిల్లకి మొదటి ఏడు పులిహోర పడింది. అరవై మందికి.

ఇంట్లో ఏనాడూ పోపు గరిటె ముట్టుకోని పిల్ల అది. నలుగురు వాడే వంటగది, కరెంటు పొయ్యి, ఉన్నవాటిలో పెద్ద గిన్నెలో కిలోకి మించి అన్నం ఉడకదు. శుక్రవారం క్లాసు నుంచి ఆరింటికి వచ్చి చింతపండు నానబెట్టింది. రసం పిండి, పులుసు ఉడికించి, సీసాల్లో పోసి పెట్టేసరికి పదకొండు. శనివారం మళ్లీ తొమ్మిదింటికి క్లాసు. అయిదింటికి వదిలితే దారిలో సూపర్‌మార్కెట్‌కి పరుగు, ఎందుకంటే అక్కడ ఆదివారం షాపులు తెరవరు. అది చట్టం. శనివారం రాత్రిలోగా పాలు, రొట్టె, ఉల్లిపాయలు కొనుక్కోకపోతే సోమవారం దాకా గతిలేదు. గదికి వచ్చి విడతకి ఒక కిలో చొప్పున నాలుగు విడతలుగా అన్నం వండి, దుప్పటి మీద పాత చీర పరిచి ఆరబోసి, పులుసు కలిపి, వేడి పోకుండా ఆ దుప్పట్లోనే గిన్నెలు చుట్టి ట్రామ్‌లో పట్టుకెళ్లింది. పక్కన కూర్చున్న జర్మన్ ముసలావిడ ఇంగువ వాసనకి లేచి వెళ్లి వేరే సీట్లో కూర్చుందట. హాలుకి చేరేసరికి ఏడున్నర. చీర కట్టుకుని, ముఖం కడుక్కుని, ఎనిమిదింటికి ఫోటో దిగింది. ఆ ఒక్క ఫోటో ఇక్కడ మా చెల్లెలు చూసింది. చూసి ఏమందో తెలుసా? 'ఇది అక్కడికి వెళ్లింది చదువుకోడానికా, సింగారించుకోడానికా' అంది.

వాళ్లకి భోగిమంట వేసుకునే వీలు లేదు. హాల్లో పొగ వస్తే అలారం మోగుతుంది, అలారం మోగితే ఫైరింజన్ వస్తుంది. అందుకని గోడకి ఉన్న పెద్ద టీవీలో కట్టెలు మండుతున్న వీడియో ఒకటి పెట్టుకుని, దాని చుట్టూ నిలబడి చేతులు కాచుకున్నట్టు ఫోటోలు దిగారట. ఒక కుర్రాడు మరీ ముందుకెళ్లి, పిడకల దండ ఉంటే బాగుండునన్నాడట. నవ్వొచ్చింది నాకు. తరువాత కాసేపటికి నవ్వు రాలేదు. ముగ్గు నేలమీద వేస్తే తుడవలేక చస్తారు కాబట్టి చార్టుల మీద వేసి నేలకి అంటించారు. పది దాటితే అక్కడ ఇరుగుపొరుగుకి వినపడేలా పాటలు పెట్టకూడదు, పోలీసులు వచ్చి తలుపు తడతారు. ఇక డాన్సు ఎప్పుడు చేస్తారు? ఎనిమిదిన్నర నుంచి పది దాకా. మీరు చూసిన రెండు వీడియోలు ఆ గంటన్నరలోవి. పది తరువాత జరిగినదాన్ని ఎవరూ వీడియో తీయరు: నేల ఊడ్చి, కాళ్లకి అంటుకుని గట్టిపడిన మెతుకులు గోకి, కుర్చీలు లెక్కపెట్టి, తాళాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే డిపాజిట్ పోతుంది. ఒంటిగంటన్నరకి మీరు ఫోన్ చేసినప్పుడు మీవాడు మంచం మీద ఉన్నాడో, ఖాళీ గిన్నె పట్టుకుని ఆఖరి ట్రామ్ కోసం చలిలో నిలబడ్డాడో చెప్పలేను.

సీసా దగ్గరికి వద్దాం, మీ ఉత్తరంలో ఆ మాట కింద గీత గీసి ఉంది. అక్కడ ఆపిల్ రసంలో సోడా కలిపి గాజుసీసాల్లో అమ్ముతారు, ఫోటోలో చూస్తే బీరులాగే ఉంటుంది. అదే అయ్యుండొచ్చు. అలా అని మీ మనసు కుదుటపరచడానికి నేను ఒట్టేయలేను. బీరే కావొచ్చు. జర్మనీలో పదహారేళ్లు నిండితే బీరు కొనుక్కోవడం చట్టప్రకారం తప్పు కాదు, మీవాడికి ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. ఒక సీసా పట్టుకుని ఫోటో దిగినవాడు చెడిపోయాడనడానికి లేదు, పట్టుకోనివాడు చెడిపోలేదనడానికీ లేదు. నాకైతే ఆ సీసాకన్నా పెద్ద సంగతి ఒకటి కనిపించింది, మీరు దాన్ని గమనించినట్టు లేదు. వాట్సాప్‌లో స్టేటస్ ఎవరికి కనపడాలో, ఎవరికి కనపడకూడదో మనమే పెట్టుకోవచ్చు. మీ పేరు, మీ వీధివాళ్ల పేర్లు పక్కన పెట్టేయడం వాడికి రెండు నిమిషాల పని. ఈ వయసు పిల్లలు అందరూ చేసేదే. మా మనవడు నన్ను ఎప్పుడో తీసేశాడు. మీవాడు మిమ్మల్ని తీయలేదు. అంటే, దాచాల్సినదేదో చేస్తున్నానని వాడికి అనిపించలేదన్నమాట. పంచె కట్టుకున్నాను, నాన్న చూసి మురుస్తాడు అనుకుని ఉంటాడు.

ఆడపిల్లల విషయం నేను మాట్లాడను. క్లాసులో ఉన్నవాళ్లు పండగలోనూ ఉంటారు. మీ బావమరిది సలహా కూడా అంతే. కోర్సు మధ్యలో ఆపి వచ్చినవాడికి పిల్లనిచ్చేదెవరో ఆయన్నే అడగండి.

మా తాతగారు రంగూన్ వెళ్లినవాడు. మన జిల్లాల నుంచి ఆ రోజుల్లో అటు వెళ్లని ఇల్లు తక్కువ, ఇటు ఖరగ్‌పూర్ రైల్వేకి వెళ్లని ఇల్లు తక్కువ. నెలకో రెండు నెలలకో ఒక ఉత్తరం. ఆయన అక్కడ ఆదివారాలు ఏం చేశాడో మా నాయనమ్మకి చచ్చేదాకా తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఆవిడ నెలకో ఉత్తరంతో సరిపెట్టుకుంది. మీకు రోజూ బొమ్మ కనపడుతోంది, అందుకే నిద్ర పట్టడం లేదు. ఎవరు సుఖపడ్డారో నేను తేల్చలేను.

నా సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే మరీ పెద్దమనిషిలా మాట్లాడినట్టుంటుంది. నేను బొబ్బిలి దగ్గర పల్లె నుంచి విజయనగరం వచ్చి హాస్టల్లో ఉండి చదివాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా వెళ్లిన మంగళవారం. ముందురోజు రాత్రి తోలేళ్ల ఉత్సవం. ఆ రాత్రి ఊళ్లో ఎవడు పడుకుంటాడు? బుధవారం నాకు పరీక్ష. గది వదిలి రానని, చదువుకుంటానని ఇంటికి కార్డు రాశాను. సోమవారం రాత్రి పన్నెండు దాటాక మూడు లాంతర్ల సెంటర్ దగ్గర, నోట్లో సిగరెట్టుతో, ఎవరి భుజం మీదో చెయ్యేసి నిలబడి ఉంటే ఎదురుగా మా నాన్న. ఊరి బండ్లతో కలిసి జాతరకి వచ్చాడాయన. నన్ను చూశాడు. సిగరెట్టు చూశాడు. జేబులోంచి డబ్బులు తీసి జీళ్లు కొని పొట్లం నా చేతిలో పెట్టి, 'పరీక్ష ఎన్నింటికిరా' అని అడిగాడు. చెప్పాను. వెళ్లిపోయాడు. సిగరెట్టు గురించి ఆయన చనిపోయేదాకా ఎత్తలేదు. నేను మంచివాణ్ణయిపోయానని ఈ కథ చెప్పడం లేదు, ఆ తరువాత కూడా చాలా ఏళ్లు కాల్చాను. ఆయన అడిగిన ప్రశ్న గుర్తుండిపోయింది, అంతే.

మీరు అడగాల్సింది కూడా అలాంటిదే. ఫోటో గురించి కాదు, పరీక్షల గురించి. ఇక్కడ మీకు తెలియని చిక్కులు కొన్ని ఉన్నాయి, అవి తెలిస్తే గానీ సరిగా అడగలేరు.

అక్కడ మార్కులు తిరగేసి ఉంటాయి. 1.0 అంటే అందరికన్నా పైన. 4.0 అంటే అత్తెసరు పాసు. 5.0 అంటే తప్పాడు. మీవాడు ఎప్పుడైనా 'వన్ పాయింట్ సెవెన్ వచ్చింది నాన్నా' అని సంబరంగా చెబితే, మీరు నిట్టూర్చి ఉంటే, ఆ నిట్టూర్పు వెనక్కి తీసుకోండి. తరువాత, క్లాసులో పేరుంటే పరీక్ష రాసినట్టు కాదు. పరీక్షకి విడిగా నమోదు చేసుకోవాలి, దానికి గడువుంటుంది, గడువు దాటితే మళ్లీ సెమిస్టరే. ఒక పరీక్షకి చాలా యూనివర్సిటీల్లో మూడు అవకాశాలే. మూడోసారీ తప్పితే కోర్సులోంచి పేరు తీసేస్తారు, అదే చదువు ఆ దేశంలో ఇంకోచోట చదవడానికీ కుదరదు. మామూలుగా ఎమ్మెస్ రెండేళ్లకి 120 క్రెడిట్లు, అంటే సెమిస్టరుకి 30. ఒక్కో క్రెడిట్‌కి క్లాసూ చదువూ కలిపి ఇరవై అయిదు నుంచి ముప్ఫై గంటల పని లెక్క కడతారు. ఇవన్నీ యూనివర్సిటీ మీకు ఉత్తరం రాసి చెప్పదు. మన ఇంటర్ కాలేజీలు హాజరు తగ్గితే తండ్రి ఫోన్‌కి మెసేజ్ పెడతాయే, అలాంటిది అక్కడ లేదు. పెద్దవాడైన విద్యార్థి వివరాలు తల్లిదండ్రులకి కూడా ఇవ్వరు.

ఇక్కడే నాకు భయం. మా ఊళ్లో నాకు బాగా తెలిసిన ఒక కుటుంబం ఉంది. వాళ్లబ్బాయి కూడా అక్కడే చదివాడు. రెండేళ్లలో ఒక్క ఫోటో పెట్టలేదు. పండగలకి వెళ్లడు, ఎవరితోనూ కలవడు, ఎప్పుడు ఫోన్ చేసినా 'చదువుతున్నాను' అనే మాట ఒక్కటే. తండ్రి వీధంతా చెప్పుకుని మురిశాడు. వీసా పొడిగించుకునే సమయం వచ్చేసరికి తెలిసింది, రెండు సెమిస్టర్లుగా ఆ పిల్లాడు ఒక్క పరీక్షకి నమోదు కాలేదు. మొదటి సెమిస్టరులో రెండు సబ్జెక్టులు తప్పాడు, ఎవరికీ చెప్పుకోలేక గదిలో ముడుచుకున్నాడు. పగలంతా నిద్ర, రాత్రంతా ఫోను. అన్నం తినమని చెప్పే స్నేహితుడు కూడా లేడు. ఆ పిల్లాడు ఒక్క శనివారం పంచె కట్టుకుని డాన్సు చేసి ఉంటే బాగుండేదని వాళ్లమ్మ నా దగ్గర అంది.

కాబట్టి మీరు ఒక పని చేయండి. ఈ చలికాలం సెమిస్టరు పరీక్షలు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉంటాయి. 'ఏ ఏ పరీక్షలకి పేరిచ్చావు, ఎప్పుడు' అని అడిగి క్యాలెండర్‌లో రాసుకోండి. పరీక్ష నాడు పొద్దున్న ఒక మెసేజ్ పెట్టండి, ఫోన్ చేయకండి. ఫలితాలు వచ్చాక మార్కుల పట్టీ స్క్రీన్ మీద పెట్టి చూపించమనండి. దాన్ని అక్కడ 'ట్రాన్స్‌క్రిప్ట్' అంటారు, విద్యార్థి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. సెమిస్టరుకి ఒక్కసారి చాలు. పోలీసుల్లా అడగకండి. 'బ్యాంకువాళ్లు అడుగుతారు, నాకూ అర్థమయ్యేలా చెప్పు' అని అడగండి. వాడు గురువులా చెబుతాడు, మీరు శిష్యుడిలా వినండి. ఇష్టంగా చూపిస్తే మీకు నిద్ర పడుతుంది. వరసగా రెండు మూడుసార్లు ఏదో ఒకటి చెప్పి దాటేస్తే అప్పుడు నాకు మళ్లీ రాయండి, అప్పటి జవాబు వేరే ఉంటుంది.

డబ్బు ఆపే ఆలోచన మానుకోండి. వీసా కోసం మీరు బ్లాక్డ్ అకౌంట్లో వేసిన సొమ్ము, 2024 సెప్టెంబరు నుంచి వెళ్లినవాళ్లకి అది 11,904 యూరోలు, నెలకి 992 చొప్పున వాడి చేతికే వస్తుంది. దాన్ని మీరు ఆపలేరు కూడా. అది మొదటి ఏడాదికి. రెండో ఏడాదికి ఇంత ఉందని వాడు మళ్లీ చూపించుకోవాలి. ఇప్పుడు మీరు చేయి వెనక్కి తీస్తే చదువు పక్కన పెట్టి పనికి పరిగెత్తుతాడు. విద్యార్థులకి ఏడాదికి 140 పూర్తి రోజులో, 280 సగం రోజులో పనిచేసే అనుమతి ఉంది. 2026 జనవరి నుంచి గంటకి కనీస వేతనం 13.90 యూరోలు. మన రూపాయల్లోకి మార్చి చూసుకుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. శనివారం హోటల్లో గిన్నెలు, ఆదివారం ఇంకెక్కడో పెట్టెలు మోసి సోమవారం క్లాసులో నిద్రపోయే పిల్లలు చాలామంది ఉన్నారు. మీవాడు ఇప్పటికే పనికి వెళ్తున్నాడో లేదో మీ ఉత్తరంలో లేదు. అది అడిగారా? అడిగేటప్పుడు గొంతులో నామోషీ వినపడనీయకండి. వినపడితే వాడు ఇంకోటి దాస్తాడు.

తిత్లీ గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు. 2018 అక్టోబరులో ఆ తుపాను తరువాత నేను ఉద్దానం వచ్చాను, మా స్నేహితుడి ఊరు మీ పక్కనే. తాతలనాటి కొబ్బరిచెట్లు ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి, ఎవరో చాప చుట్టి పడేసినట్టు. రాత్రి పడుకున్నప్పుడు ఉన్న తోట తెల్లారి లేకపోవడం చూసిన మనిషికి, పొద్దున్నే లేచి ఫోన్‌లో ఒక ఫోటో చూస్తే గుండె జారుతుంది. అది నాకు అర్థమైంది. ఆ మాట మీవాడికీ ఒకసారి చెప్పండి. 'నువ్వు డాన్సు చేశావని కాదు, నాకు భయమేసింది' అని. మన వైపు తండ్రులకి ఈ మాట నోరు దాటి రాదు, తిట్టే బయటికొస్తుంది.

ఇక పెద్ద పండగ. డాన్సు గురించి మీరు అరపేజీ రాశారు, అమ్మగారి బట్టల గురించి రెండు ముక్కలు. నాకైతే మీ బాధ అంతా ఆ రెండు ముక్కల్లోనే ఉన్నట్టనిపించింది. కొత్త చీర పసుపు రాసి ఫోటో ముందు పెట్టి, పిండివంటలు వడ్డించి, ఇంటిల్లిపాదీ దండం పెట్టుకునే వేళ ఒక్కడు లేడు. ఇందులో మీవాడి తప్పుంది. సంక్రాంతి నాడు అలారం పెట్టుకుని ఆరింటికి లేవలేనంత పని ఎవరికీ ఉండదు. లేవకపోయినా, లేవలేకపోయానని చెప్పాలి. ఈ మాట మీరు అడగొచ్చు, గట్టిగానే అడగొచ్చు. 'ఆరున్నరకి ఏం క్లాసురా' అనండి. వాడికి దొరికిపోయానని తెలియాలి.

కానీ ఒకటి చెప్పండి. ఏ వేళకి పెడతారో ముందుగా వాడికి చెప్పారా? మన ఇళ్లలో 'వంటలయ్యాక' అంటాం. వంటలయ్యాక అంటే పదకొండా, ఒంటిగంటా? ఇంట్లో ఉన్నవాడికి వాసనను బట్టి తెలుస్తుంది, అక్కడున్నవాడికి ఎలా తెలుస్తుంది? వచ్చే ఏడు పన్నెండు అని ఖాయం చేయండి. అక్కడ ఏడున్నర, క్లాసుంటే దారిలో ఉంటాడు, అయినా రెండు నిమిషాలు ఆగి దండం పెట్టుకోగలడు. ఇంకా మంచిది, అమ్మగారి ఫోటో ఒకటి వాడి గదికి పంపించండి. ఒక కొత్త తువ్వాలు కొని దాని ముందు పెట్టుకుని ఫోన్ ఆన్ చేయమనండి. ఇక్కడ చీర, అక్కడ తువ్వాలు, ఆవిడ రెండూ తీసుకుంటుంది. దానికి ఏడాది ఆగక్కర్లేదు, ఆవిడ తిథి నాడు మొదలుపెట్టొచ్చు.

ఆదివారం మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ చేయండి. ఆ పండగలో ఏ వంట వాడికి పడిందో అడగండి. పులిహోరో, చక్కెరపొంగలో అయితే జీడిపప్పు వేశాడా, ఎక్కడిది వేశాడు అని కూడా అడగండి. అక్కడి షాపుల్లో దొరికేది ఎక్కువగా వియత్నాం పప్పు. పలాస గుంటడు వియత్నాం పప్పు వేసి వండాడంటే నేను కూడా క్షమించను. పార్సిల్ కట్టేటప్పుడు నేతి మిఠాయిలు, పాల సరుకు పెట్టకండి, యూరప్ కస్టమ్స్‌లో ఆపేస్తారు. వేయించిన పప్పు ఒక కిలో, ఎక్కువ పెట్టకుండా, పైన విలువ సరిగ్గా రాసి పంపండి.